మూడో కూత

జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీని ఆనుకుని ఒక రేకుల కాలనీ ఉంది. అక్కడ అబ్దుల్లా పేరు చెబితే చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆయన కొడుకు రసూల్ పేరు చెబితే మాత్రం కాస్త ఆలోచించి, ఓహో, ఆ అరిచే కుర్రాడా అంటారు. కుర్రాడికి నలభై దగ్గరపడుతున్నా ఆ మాట మారలేదు. అది అరుపు కాదు, రాక్ అంటారని రసూల్ చాలా ఏళ్ళు ఓపిగ్గా చెప్పుకున్నాడు. తర్వాత చెప్పడం మానేసి, అవునండీ ఆ కుర్రాణ్ణే అని ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. దానివల్ల గొంతుకీ మంచిదే.

ముందు అబ్దుల్లా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పాట పుట్టింది ఆయన చేతిలోంచి. క్వారీలో రాయి పగలగొట్టడానికి మందు పేలుస్తారు. పేల్చే ముందు సైరన్ మోగించాలి. ఆ సైరన్ మోగించడమే అబ్దుల్లా ఉద్యోగం. ఇప్పటిలా మీట నొక్కితే మోగేది కాదది. ఇనప కాళ్ళ మీద నిలబెట్టి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే మొదట మూలిగి, తర్వాత ఏడ్చి, చివరికి ఊరంతా వినపడేలా కూసేది. కాలనీ మలుపు దగ్గర రోడ్డు పక్కన దాన్ని పెట్టుకుని రోజూ మధ్యాహ్నం ఆయన నిలబడేవాడు.

మొదటి కూతకి ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, గూట్లోంచి గాజు గ్లాసులు దింపి, వాటిని పళ్ళెంలో పెట్టుకుని రేకుల కిందనుంచి బయటికి వచ్చేవారు. గ్లాసులు ఎందుకంటే, పేలుడికి గోడలు అదిరితే గూట్లో ముందు రాలేవి అవే. రెండో కూతకి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అబ్దుల్లా ఎర్రగుడ్డ ఎత్తి రోడ్డు మీద బళ్ళు ఆపేవాడు. ధన్‌మని పేలేది. దుమ్ము లేచేది. పేలకుండా మిగిలిన మందు ఏదైనా ఉందేమో లోపల క్వారీవాళ్ళు చూసుకుని పచ్చజెండా ఊపితే, అప్పుడు అబ్దుల్లా మూడో కూత కొట్టేవాడు. ఇక భయం లేదు, లోపలికి పొండి అని దానర్థం. మూడో కూత వినకుండా గడప లోపల కాలు పెట్టిన మనిషి ఆ కాలనీలో లేడు.

ఇంత నమ్మకంగా పనిచేసిన అబ్దుల్లాకి ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. జబ్బంటే డాక్టరు దగ్గరికెళ్ళేది కాదు. ఆయన దేన్నీ చివరిదాకా కూర్చుని చూడలేడు. సినిమాకి వెళితే ఇంటర్వెల్‌కి ఇంటికొచ్చేవాడు. రెండో సగంలో ఏమైందని భార్య హఫీజున్నీసాని అడిగేవాడు, ఆవిడ చెబుతుంటే మధ్యలో లేచి పోయేవాడు. పెళ్ళి భోజనంలో పెరుగు వచ్చేలోగా చెయ్యి కడిగేసుకునేవాడు. ఇంట్లోనూ అంతే, నలభై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి పెరుగన్నం తింటుండగా చూసిన పాపాన పోలేదని హఫీజున్నీసా వీధి వీధంతా చెప్పేది. ఎప్పుడూ ఒక చెవి గడియారం మీద పెట్టి బతికినవాడికి కుదురు ఎక్కడినుంచి వస్తుంది? ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. జీవితంలో ఆయన సగంలో వదలనిది మూడో కూత ఒక్కటే.

రసూల్‌కి చిన్నప్పటినుంచీ ఒకే కోరిక. తన పాట ఒక్కటైనా నాన్న మొదటినుంచి చివరిదాకా వినాలి. బాగుందని చెప్పకపోయినా ఫర్వాలేదు, కూర్చుంటే చాలు.

కోరిక చిన్నదే. తీరడమే కష్టమైంది. నందిగామలో రసూల్ మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు అబ్దుల్లా ముందు వరసలోనే కూర్చున్నాడు. పల్లవి అయ్యేసరికి ఆ కుర్చీ ఖాళీ. సైకిలుకి తాళం వేశానో లేదో అనుమానం వచ్చిందని తర్వాత చెప్పాడు. ఆ తర్వాత క్రాంతికుమార్ అనే గిటారిస్టుతో కలిసి రసూల్ నల్లరాయి అని బ్యాండు పెట్టాడు. కంచికచర్ల, జి.కొండూరు, మైలవరం దాకా కాలేజీల్లో వాళ్ళు పాడని పండగ లేదు. అబ్దుల్లా వీలైనప్పుడల్లా వచ్చేవాడు. ఒకసారి వానొచ్చేలా ఉందని, ఒకసారి కాలు తిమ్మిరెక్కిందని, ఒకసారి ఏ కారణమూ చెప్పకుండానే, చరణం దాకా రాకుండా వెళ్ళిపోయేవాడు. ఆయనకి పాటలంటే కోపమేం లేదు. కోపమైతే రసూల్‌కి ఇంకా సులువుగా ఉండేది, ఎదురు తిరగడానికైనా కుదిరేది.

నల్లరాయి బాగానే నడిచింది కానీ, క్రాంతికుమార్ పెళ్ళిళ్ళ బేరాల రుచి మరిగాడు. పెళ్ళిలో సొంత పాటలు పాడితే వియ్యంకులు లేచి వచ్చి మైకు లాక్కుంటారు, సినిమా పాటలు పాడదామన్నాడు. రసూల్ వినలేదు. ఇద్దరూ తిట్టుకోలేదు, టీ తాగి విడిపోయారు. రసూల్ పగలు నందిగామలో రాంబాబు సౌండ్ సిస్టమ్ షాపులో పనిచేస్తూ, బాక్సులు మోస్తూ, వైర్లు చుడుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా తన ఒక్కడి పేరు మీద ఆల్బం తయారు చేసుకున్నాడు. దానికి సున్నపురాయి అని పేరు పెట్టాడు. నల్లరాయిని వదిలి సున్నపురాయి పట్టుకున్నాడని క్రాంతికుమార్ నవ్వాడు, కానీ రెండు పాటలకి గిటారు వాయించిపెట్టింది కూడా అతనే.

ఆల్బంలో ముందుగా జనం మీదికి వదలాలనుకున్న పాట పేరు "రెండో కూత". అది నాన్న మీద రాసుకున్న పాట, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్వారీలో కరెంటు సైరన్ వచ్చాక పాత సైరన్‌ని అబ్దుల్లాకే ఇచ్చేశారు. రిటైరైనవాళ్ళకి శాలువా ఇస్తారు, ఈయనకి ఇనుము ఇచ్చారు. అది మంచం కింద ఉండేది. రసూల్ ఒకరోజు దాన్ని బయటికి లాగి, క్వారీ అవతల పొలాల్లోకి తీసుకెళ్ళి, పిడి తిప్పి కూతలు రికార్డు చేసుకున్నాడు. పాట ఆ కూతతోనే మొదలవుతుంది. మొదటి కూత, డ్రమ్స్, రెండో కూత, ఆ వెంటనే రసూల్ గొంతు:

మొదటి కూతకు ఊరు లేచింది
రెండో కూతకు గుండె ఆగింది

మూడో కూత కూడా రికార్డు చేశాడు. అయితే విజయవాడ స్టూడియోలో పాట చివర అది పెట్టి వింటే, గిటారు తగ్గుతూ తగ్గుతూ గాల్లో కలిసిపోతే ఇంకా బాగుంటుందనిపించింది. కూత తీసేశాడు. కాలనీలో పుట్టి పెరిగినవాడికి ఇది తప్పని ఎలా తోచలేదంటే, పిల్లలు ఏనాడూ మూడో కూతకోసం ఆగినవాళ్ళు కాదు. ధన్‌మనగానే తల్లుల చేతులు విడిపించుకుని దుమ్ము చూడ్డానికి గట్టు మీదికి పరిగెత్తేవాళ్ళు. మూడో కూత పెద్దవాళ్ళది. దాని విలువ వాళ్ళకే తెలుసు.

పాట విడుదలైంది. తుస్సుమంది. విన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అందులో రాంబాబు రెండు ఫోన్లలో విన్నాడు. బయట ఊళ్ళవాళ్ళకి అది ఎందుకు నచ్చలేదో మనకు తెలీదు, ప్రపంచంలో నచ్చని పాటలు చాలా ఉన్నాయి. సొంతూళ్ళో మాత్రం కథ వేరేగా నడిచింది. చిల్లకల్లు నుంచి పేటకి వచ్చే ఆటోలో ఒక తెలిసిన డ్రైవరు ముచ్చటపడి పెడితే, కూత వినగానే వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆపమని దిగిపోయారు. ఎక్కమంటే ఎక్కరు. గరికపాడు దాబాలో పెట్టిస్తే, మంచాల మీద నడుం వాల్చిన లారీ డ్రైవర్లు లేచి ఎవడి బండి దగ్గరికి వాడు ఉరికారు. పోలీసులనుకున్నారో, ఫైరింజననుకున్నారో తెలియదు. దాబా ఓనరు రసూల్‌కి ఒక రోటీ ఎక్కువ పెట్టి, బాబూ నీ గొంతు మంచిదే, కానీ ఈ పాట మా దగ్గర వద్దని మర్యాదగా చెప్పి పంపాడు.

వీటన్నిటికీ రసూల్ నవ్వాడు. మనిషి స్వభావమే అంత, తన మీద వేసిన జోకుల్ని తనే పదిమందికీ చెప్పుకుంటాడు. నవ్వలేనిది ఒకటే జరిగింది. విడుదలైన రోజు ఫోను పట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చి, నాన్నని అరుగు మీద కూర్చోబెట్టి పాట పెట్టాడు. అబ్దుల్లా మొదటి కూత విన్నాడు. రెండో కూతకి లేచాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆయన కోసం రాసిన చివరి చరణం వచ్చేసరికి అరుగు మీద రసూల్, ఫోను తప్ప ఎవరూ లేరు. ఆ రోజు రసూల్‌కి నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు రాంబాబుతో చెప్పేశాడు, మిగతా పాటలు విడుదల చెయ్యను, క్రాంతి దగ్గరికి వెళ్ళి పెళ్ళిళ్ళలో పాడుకుంటానని. క్రాంతికుమార్ కూడా రమ్మంటున్నాడు. రాంబాబు కాదనలేదు. కాకపోతే, హఫీజున్నీసా ఒక పేచీ పెట్టింది. ఫోనులో పాట ఈగ రొదలా ఉంది, నాకేం అర్థం కాలేదు, ఊరందరి పెళ్ళిళ్ళకీ పెద్ద పెద్ద బాక్సులు మోస్తావు, కన్నతల్లికి ఒక్కసారి వినిపించలేవా అని. ఆ మాటకి రాంబాబు కరిగిపోయి, షాపులో ఉన్నవాటిలో పెద్ద బాక్సులు వ్యానెక్కించాడు. మానేసే ముందు ఒక్కసారైనా ఆ పాట గట్టిగా మోగాలని అతనికీ ఉంది.

ఆదివారం ఎంచుకున్నారు. ఆ రోజు క్వారీకి సెలవు, పేలుళ్ళుండవు. కాలనీ కుళాయి దగ్గర ఖాళీ జాగాలో బాక్సులు దించారు. పొద్దున్నుంచీ అందరికీ తెలుసు రసూల్ పాట పెడతాడని. పదకొండు దాటాక రాంబాబు మీట నొక్కాడు.

కూత లేచింది. ఫోనులో ఈగలా వినపడ్డది ఆ బాక్సుల్లో అచ్చం అబ్దుల్లా చేతి కూతలా లేచింది. అప్పుడు జరిగింది చూసి రాంబాబు నోరు తెరిచాడు. ఒక్కొక్క ఇంట్లోంచీ ఆడవాళ్ళు పళ్ళేల్లో గాజు గ్లాసులు పెట్టుకుని బయటికొచ్చారు. ఎవరో పొయ్యి ఆర్పిన వాసన కూడా వచ్చింది. ఆదివారమని బుర్రకి తెలుసు, ఒంటికి తెలీదు. రెండో కూతకి వీధి మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రసూల్ నాన్న కోసం చూశాడు. అప్పటిదాకా కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్న అబ్దుల్లా లేడు. రసూల్ ఒక్క నిట్టూర్పు విడిచి, బాక్సులవైపు తిరిగాడు.

పాట సాగింది. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. చివరి చరణం అయింది, గిటారు తగ్గుతూ తగ్గుతూ గాల్లో కలిసిపోయింది. అయినా ఎవరూ కదల్లేదు. రసూల్ ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు ఎన్ని స్టేజీలెక్కినా ఇలాంటి నిశ్శబ్దం అతను చూడలేదు. జనం కదిలిపోయారు, పాట వాళ్ళ గుండెల్లోకి వెళ్ళింది అనుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తల్లి దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందన్నట్టు చూశాడు.

"బాగుందిరా," అంది హఫీజున్నీసా. "మూడో కూత ఎప్పుడు కొడతావ్? చేతులు పీకుతున్నాయి."

రసూల్‌కి ఆ మాట అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. వీధంతా చూశాడు. అందరి ముఖాల్లోనూ అదే ప్రశ్న. పాటకి మైమరచి నిలబడ్డవాళ్ళు ఒక్కరూ లేరు, లోపలికి పొమ్మనేవాడి కోసం ఎదురుచూస్తున్నారు. అతనికి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వు ఇంకా తెగకముందే మలుపు దగ్గర ఆటోల హారన్లు మొదలయ్యాయి.

మలుపు దగ్గరికి పరిగెత్తి చూస్తే, రోడ్డుకి అడ్డంగా అబ్దుల్లా. భుజం మీది ఎర్ర తువ్వాలు చేత్తో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆయన ముందు ఆటోలు, బైకులు, ఒక పాల వ్యాను. ఒక ఆటో డ్రైవరు మొక్కుతున్నాడు, ఈ రోజు ఆదివారం బాబాయ్, పోనియ్యి అని. అబ్దుల్లా చెయ్యి దించడం లేదు.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు రసూల్.

అబ్దుల్లా కొడుకు వంక కోపంగా చూశాడు. "నన్నడుగుతావేందిరా. రెండు కూతలు కొట్టి వదిలేస్తే ఎట్టా? మొన్న అరుగు మీద విన్నప్పుడు గూడా ఇట్టాగే వచ్చి నిలబడ్డా. మూడోది ఎంతకీ రాదే. జనాన్ని బయటికి పిలిచినోడు మళ్ళీ లోపలికి పంపాలా వద్దా?"

రసూల్‌కి అప్పుడు అర్థమైంది. ఆ రోజు నాన్న తన పాటని వదిలేసి పోలేదు. తన కూత విని డ్యూటీకి వెళ్ళాడు. ఇన్ని రోజులు మోసిన బాధ ఒక్క క్షణంలో దిగిపోయింది. దిగిపోవడమే కాదు, ఆ రోజు ఏడ్చినందుకు తనని తనే రెండు పీకాలనిపించింది.

ఇంటికి పరిగెత్తాడు. మంచం కిందనుంచి పాత సైరన్ లాగి, భుజాన వేసుకుని తెచ్చి, కుళాయి దగ్గర బాక్సుల పక్కన నిలబెట్టాడు. ఆటోలవాళ్ళని కూడా దిగి రమ్మన్నాడు, ఎలాగూ ఆగారు కాబట్టి వచ్చారు. నాన్ననీ వెంటబెట్టుకొచ్చి పిడి ఆయన చేతిలో పెట్టాడు.

"మూడోది నువ్వే కొట్టు నాన్నా. నాకు చేతకాలేదు."

"ఎప్పుడు కొట్టాలి?"

"పాట మొత్తం అయిపోయాక. మధ్యలో కొడితే చెడిపోద్ది. చివరి మాట దాకా విని కొట్టాలి."

అబ్దుల్లా తల ఊపాడు. ఇది పని. పనంటే ఆయనకి కాలు తిమ్మిరెక్కదు, వానొచ్చేలా ఉండదు, సైకిలు తాళం గుర్తురాదు. రాంబాబు మళ్ళీ మీట నొక్కాడు. కూతలు లేచాయి. గ్లాసులు ఎలాగూ బయటే ఉన్నాయి. అబ్దుల్లా పిడి మీద చెయ్యి వేసి, తల కొంచెం వంచి, క్వారీలోంచి పచ్చజెండా కోసం చూసేవాడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. పల్లవి విన్నాడు. చరణం విన్నాడు. రసూల్ పాట వినడం లేదు, నాన్ననే చూస్తున్నాడు. ఆఖరి చరణం వచ్చింది:

అందరినీ ఆపినవాడా
ఎండలో ఒక్కడివే నిలిచినవాడా
నీ చేతి చలవే కాదా
మా గూట్లో గాజు పగలలేదు

పిడి మీది చెయ్యి ఒకసారి బిగిసింది. గిటారు తగ్గుతూ పోయి ఆగింది. అబ్దుల్లా కొట్టలేదు. రాంబాబు కంగారుగా సైగ చేశాడు. ఆయన అటు చూడలేదు. పేలుడు తర్వాత దుమ్ము అణిగేదాకా ఆగడం ఆయన పద్ధతి. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చాడు. హఫీజున్నీసా మీద, తర్వాత రసూల్ మీద చూపు ఆగింది. అప్పుడు పిడి తిప్పాడు. వయసు మీదపడ్డ చెయ్యి కాబట్టి మొదట ఎక్కువసేపు మూలిగింది, కానీ లేచింది. ఊరంతా వినపడేలా లేచింది.

కాలనీ మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆడవాళ్ళు గ్లాసులు తీసుకుని లోపలికి నడిచారు. లోపలికి వెళ్ళినవాళ్ళు గ్లాసులు గూట్లో పెట్టి, మళ్ళీ బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. పాట బాగుందని అప్పుడు చెప్పారు. ఆటో డ్రైవరు ఇంకోసారి పెట్టమన్నాడు.

రాంబాబు అదంతా రికార్డు చేశాడు, మూడో కూతతో సహా. రసూల్ దాన్ని మళ్ళీ విడుదల చేశాడు. అది కూడా ఆడలేదు. ఈ విషయంలో ప్రపంచం తన అభిప్రాయం మార్చుకోలేదు. అయినా రసూల్ మిగతా పాటలు ఒక్కొక్కటే వదులుతూనే ఉన్నాడు, నాలుగోదాన్ని నిజంగానే కొంతమంది విన్నారట. పేట ఆటోల్లో మాత్రం "రెండో కూత" ఇప్పుడు బాగానే తిరుగుతోంది. చివరిదాకా వినందే ఎవరూ దిగరు.

అదంతా తర్వాతి సంగతి. ఆ ఆదివారం బాక్సులు వ్యానెక్కించి, రాంబాబుని పంపించి, తండ్రీ కొడుకులు భోజనానికి కూర్చున్నారు. కూర అయింది, పులుసు అయింది. అబ్దుల్లా లేస్తాడని హఫీజున్నీసా చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన లేవలేదు. కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"ఆఖర్లో ఎండలో నిలబెట్టావే ఒకణ్ణి," అన్నాడు చివరికి, "ఎవరాయన?"

"నాకు తెలిసినాయనే," అన్నాడు రసూల్.

"గొడుగన్నా ఇయ్యకపోయావా."

రసూల్ తల దించుకుని, వచ్చే పాటలో ఇస్తానన్నాడు. హఫీజున్నీసా నీళ్ళ చెంబు పక్కకి జరిపి పెరుగు గిన్నె ముందుకు తోసింది. అబ్దుల్లా అన్నం కొంచెం పెట్టించుకుని, పెరుగు కలుపుకుని, తీరిగ్గా తిన్నాడు.